ఉన్నదే ఒక్క మెతుకైతే?

ఈ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు తప్పించుకోవాలనే చూశాను. కవిత నాకు రాదు. కథ అంతకన్నా రాదు. ఫిజిక్సు గురించి రాస్తే చదివే నాథుడుండడని చెప్పాను. "చదివేటట్టు రాయవోయ్, ఎవరొద్దన్నారు?" అన్నారు. అంత మాట అన్నాక రాయక తప్పలేదు.

నేను రాయబోయేది వజ్రం గురించి. వజ్రమంటే నవాబుల తలపాగాలో మెరిసేది కాదు. బియ్యపు గింజకంటే చిన్నదిగా ఉండే, నగల దుకాణంవాడు తిరిగి కూడా చూడని ముక్క. అందులో ఒక లోపం ఉంటుంది. ఆ లోపంలో కంటికి కనపడని ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలి. కాని తెలుసుకునే ప్రయత్నంలో దాన్ని చెడగొట్టకూడదు. ఇదీ సమస్య. ఈ సమస్యకూ, మనం ఏటేటా అట్టలు వేసి సంతకాలు పెట్టించుకునే ప్రాక్టికల్ రికార్డులకూ సంబంధం ఉందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం చెప్పడానికే ఈ వ్యాసం.

మా తాత అవుసుల పని చేసేవాడు. ఎవరైనా పాత నగ పట్టుకొస్తే ముందు గీటురాయి తీసేవాడు. నల్లటి రాయి మీద నగ అంచును ఒక్కసారి గీసి, ఆ గీత మీద చుక్క యాసిడ్ వేసి, రంగు చూసి, అప్పుడు మాట చెప్పేవాడు. చిన్నప్పుడు ఒకరోజు అడిగాను.

"తాతా, గీసినప్పుడల్లా బంగారం అరుగదా?"

"అరుగుతది బిడ్డా. చూడాలంటే కొంచెం పోగొట్టుకోవాలె. అందుకే ఒక్కసారే గీస్త, కనబడని జాగల గీస్త."

మా అమ్మ అన్నం వండేటప్పుడు ఇంకో పరీక్ష చేస్తుంది. గరిటెతో ఒక్క మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. ఆ మెతుకు నాశనమే. అయితేనేం, గిన్నె నిండా మెతుకులున్నాయి; ఒకటి నలిగినంత మాత్రాన ఎవరి కడుపూ మాడదు. ఎండాకాలం తార్నాకలో రోడ్డు పక్కన కుండలు కొనేవాళ్లది మూడో పరీక్ష. వేలి కణుపుతో కుండను కొట్టి వింటారు. ఖంగుమంటే మంచిది, బొంగురుపోతే బీట. ఇక్కడ పోయేదేమీ లేదు. కుండ కుండలాగే ఉంటుంది, సంగతి మాత్రం తెలుస్తుంది.

ప్రపంచంలోని కొలతలన్నీ ఇంచుమించు ఈ మూడు రకాల్లోనే ఉన్నాయి: గీటురాయి, మెతుకు, కుండ. ఇప్పుడు అసలు ప్రశ్న వేస్తాను. ఉన్నదే ఒక్క మెతుకైతే?

* * *

ఎలక్ట్రాన్‌కు, కొన్ని పరమాణు కేంద్రకాలకు స్పిన్ అనే గుణం ఉంది. బొంగరంలాగా తిరుగుతాయని పుస్తకాల్లో చెబుతారు గాని అది పోలిక మాత్రమే. ఆ గుణం వల్ల అవి బుల్లి అయస్కాంతాల్లాగా ప్రవర్తిస్తాయన్నంత వరకు నిజం. మామూలు అయస్కాంతాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి పెట్టొచ్చు. వీటిని కొలిస్తే మాత్రం లెక్కపెట్టినట్టు కొన్ని జవాబులే వస్తాయి. 1922లో జర్మనీలో స్టెర్న్, గెర్లాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెండి పరమాణువుల ధారను అయస్కాంతం గుండా పంపితే, అది చెదిరిపోకుండా రెండుగా చీలింది. పైకో కిందికో, నడిమధ్య లేదు. అయితే ఆ పరమాణువుల సంగతి తెలిసింది ఎప్పుడు? పోయి గాజుపలక మీద అతుక్కున్నాక. చదవడమూ, ఆ పరమాణువు ప్రయాణం ముగియడమూ ఒక్కసారే జరిగాయి.

మన పక్కనే తార్నాకలో ఐఐసీటీ ఉంది. 1944లో కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో రీజనల్ రీసెర్చ్ లాబొరేటరీ అయి, 1989 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తున్న సంస్థ. అక్కడి రసాయన శాస్త్రజ్ఞులకు ఎన్ఎంఆర్ యంత్రం అంటే ఇంట్లో రోలూ రోకలీ ఉన్నట్టే. సన్నటి గాజు గొట్టంలో ద్రావణం పోసి బలమైన అయస్కాంతంలో దించుతారు. రేడియో తరంగాలతో తట్టి, లోపలి కేంద్రకాల స్పిన్‌లు ఏ స్వరం పలుకుతాయో వింటారు. అణువు నిర్మాణం తెలిసిపోతుంది. పదార్థం గొట్టంలో అలాగే ఉంటుంది. కుండ పరీక్షే. అయితే ఒక రహస్యం ఉంది. ఆ గొట్టంలో ఉన్నవి కోట్లానుకోట్ల అణువులు. అవన్నీ కలిసి పలికితే గాని యంత్రానికి వినపడదు. ఒక్క స్పిన్ గొంతు అందులో ఎవరికీ తెలియదు. పదార్థం దృష్టితో చూస్తే కుండ, స్పిన్ దృష్టితో చూస్తే గిన్నెడు అన్నం.

ఒంటరి స్పిన్‌ను పట్టుకుని, దాని జవాబు వినడానికి వీలైన చోట్లలో వజ్రం ఒకటి. వజ్రమంతా కర్బన పరమాణువుల వరస. ఎక్కడో ఒకచోట కర్బనం ఉండాల్సిన స్థానంలో నత్రజని పరమాణువు కూర్చుంటుంది. దాని పక్క స్థానం ఖాళీగా ఉండిపోతుంది. నత్రజని, దాని పక్కన ఖాళీ: ఈ జంటకే ఎన్‌వీ సెంటర్ అని పేరు. ఆ ఖాళీలో చిక్కుకున్న ఎలక్ట్రాన్‌ల ఉమ్మడి స్పిన్‌కు మూడు స్థితులున్నాయి: సున్న, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి. సున్నకూ మిగతా రెంటికీ మధ్య ఎడం 2.87 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 287 కోట్ల కంపనాల మైక్రోవేవ్‌తో దాటగలిగినంత. దీని విశేషం ఏమిటంటే ఇది మామూలు గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది. మైనస్ రెండు వందల డిగ్రీల కింద గడ్డకట్టించాల్సిన పని లేదు. 1997లో జర్మనీలోని కెమ్నిట్జ్‌లో ఒక బృందం ఇలాంటి ఒక్క లోపాన్ని విడిగా చూడగలిగింది.

చూడడం ఎలా? ఆకుపచ్చ లేజరు వెలుగు వేస్తే అది ఎర్రటి వెలుగు చిమ్ముతుంది. స్పిన్ సున్న స్థితిలో ఉంటే ఎరుపు బాగా వస్తుంది. ప్లస్, మైనస్ స్థితుల్లో ఉంటే సుమారు 30 శాతం మందగిస్తుంది. ఎందుకంటే ఆ రెండు స్థితుల నుంచి ఎలక్ట్రాన్‌లు తరచు ఒక పక్కదారి పడతాయి. ఆ దారిలో ఎర్ర వెలుగు లేదు. ఇంతవరకు బాగానే ఉంది. మెలిక ఎక్కడుందంటే, ఆ పక్కదారి పోయి పోయి సున్న దగ్గరే తేలుతుంది. ఏ స్థితిలో ఉన్నావని వెలుగు వేసి అడిగేసరికి, ఏ స్థితిలో ఉన్నదైనా సున్నగా మారిపోతుంది. దీనికి పట్టే కాలం సెకనులో కోటి భాగాలు చేస్తే అందులో మూడు భాగాల పాటి. ఆ లోపల మామూలు పరికరానికి చిక్కే కాంతికణాలు సగటున ఒకటి కూడా ఉండవు. అందుచేత మళ్లీ స్పిన్‌ను సిద్ధం చేయి, మళ్లీ వెలుగు వేయి, మళ్లీ లెక్కపెట్టు. ఇలా వేలసార్లు చేసి సరాసరి తీయాలి. ఆ సరాసరి నిజమే గాని, "ఈసారి, ఈ స్పిన్, ఏమన్నది?" అనే ప్రశ్నకు అది జవాబు కాదు.

ఇది మా తాత గీటురాయికంటే అధ్వాన్నం. అక్కడ కొంచెం అరిగేది. ఇక్కడ అడగడమే ఆలస్యం, మొత్తం చెరిగిపోతోంది.

* * *

దీనికి దొరికిన ఉపాయం చెప్పడానికి మళ్లీ మా తాత దగ్గరికే పోవాలి. ఆఖరి రోజుల్లో ఆయన మంచాన పడ్డాడు. నిద్ర పట్టడమే కష్టమైపోయింది. పెద్దవాళ్లు లోపలికి వెళ్తే అడుగుల చప్పుడుకు లేచేవాడు. అందుకని నన్ను పంపేవాళ్లు: "తాత పండుకున్నడా, మేలుకున్నడా చూసి రాపో." నేను తొంగి చూసి వచ్చి ఏదో చెప్పి ఆటకు పోయేవాణ్ని. నా మాట మీద ఎవరికీ అంత నమ్మకం లేదు. మళ్లీ పంపేవాళ్లు. నాలుగైదుసార్లు వెళ్లి వస్తే నిజం తేలేది. తాత మాత్రం లేచేవాడు కాదు.

వజ్రంలో జరిగిందీ ఇదే. ఎన్‌వీ సెంటర్‌లోని నత్రజనికి ఒక కేంద్రకం ఉంది. చుట్టుపక్కల కొన్ని కర్బన కేంద్రకాలకు కూడా స్పిన్ ఉంటుంది. కేంద్రకం అయస్కాంత బలం ఎలక్ట్రాన్ బలంలో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి బయటి అలజడి దాన్ని అంత తేలిగ్గా కదిలించలేదు. అది నిద్రపోతున్న తాత. ఎలక్ట్రాన్ తొంగి చూసి వచ్చే పిల్లవాడు. కేంద్రకం ఎటున్నదనేదాన్ని బట్టి ఎలక్ట్రాన్‌ను తిప్పే మైక్రోవేవ్ స్వరం రవంత మారుతుంది. సరైన స్వరం వాయిస్తే, కేంద్రకం ఒక వైపు ఉంటేనే ఎలక్ట్రాన్ తిరుగుతుంది, మరో వైపు ఉంటే తిరగదు. అప్పుడు ఆకుపచ్చ వెలుగు వేసి ఎలక్ట్రాన్‌ను చదువుతారు. ఎలక్ట్రాన్ చెరిగిపోతుంది, సున్నకు వస్తుంది. పోనీయండి. మళ్లీ దాన్నే పంపుతారు. కేంద్రకం అక్కడే, అలాగే ఉంది. 2009లో అమెరికాలోని హార్వర్డ్ బృందం ఈ రకంగా పదేపదే చదివే పద్ధతిని చూపింది. 2010లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ బృందం బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక్క నత్రజని కేంద్రకాన్ని వేలసార్లు తొంగి చూసి, సరాసరి అవసరం లేకుండా దాని జవాబు చెప్పగలిగింది.

వేరే దారులూ ఉన్నాయి. అదే 2010లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా బృందం, వజ్రాన్ని బాగా చల్లబరిచి, ఎన్‌వీ మింగలేని రంగు లేజరును దాని పక్కనుంచి పోనిచ్చింది. స్పిన్ స్థితిని బట్టి ఆ కాంతి ధ్రువణం ఆవగింజంత పక్కకు తిరిగింది. వెలుగు వెలుగులాగే వెళ్లిపోయింది, స్పిన్ సంగతి మోసుకుపోయింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 2011లో, దాదాపు ద్రవ హీలియం చల్లదనంలో, ఒక్క స్థితిని మాత్రమే వెలిగించే రంగును ఎంచుకుని ఎలక్ట్రాన్‌నే ఒక్క దెబ్బలో చదివారు. 2015లో అదే డెల్ఫ్ట్ క్యాంపస్‌లో 1.3 కిలోమీటర్ల ఎడంలో పెట్టిన రెండు వజ్రాల స్పిన్‌లతో, క్వాంటం సిద్ధాంతం మీద ఐన్‌స్టీన్ కాలం నుంచి నడుస్తున్న వాదానికి పరీక్ష పెట్టారు; లోపాలు మూసేసిన ఆ పరీక్షలో క్వాంటం సిద్ధాంతమే నెగ్గింది. చదవడం త్వరగా, పొరపాట్లు లేకుండా జరగబట్టే అది సాధ్యమైంది. 1.3 కిలోమీటర్లంటే మనం రోజూ క్లాసు నుంచి హాస్టల్‌కు నడిచేటంత దూరమే కదా.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. చెడగొట్టకుండా చదవడమంటే స్పిన్‌ను అసలు తాకనే తాకలేదని కాదు. అది రెండు స్థితుల కలయికలో ఉంటే, చదవగానే ఏదో ఒక స్థితిలోకి రాక తప్పదు. ఆ మాత్రం మూల్యం ప్రకృతి వసూలు చేసుకుంటుంది; దానికి మినహాయింపు లేదు. కాని ఒకసారి జవాబు వచ్చాక, మళ్లీ అడిగితే అదే జవాబు రావాలి. అడిగిన పుణ్యానికి జవాబే మారిపోకూడదు. చెడగొట్టని చదువంటే అంతే. అది తక్కువేం కాదు.

* * *

"ఇదంతా ఎక్కడో హార్వర్డ్‌లో, స్టుట్‌గార్ట్‌లో జరిగింది, మనకెందుకోయ్?" అని ఎవరైనా అనవచ్చు. అనేవాళ్లు రెండు సంగతులు గుర్తు చేసుకోవాలి.

మొదటిది గోల్కొండ. వజ్రాలు గోల్కొండలో దొరకలేదు. అది సానపట్టే చోటు, అమ్మే బజారు. దొరికినవి కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు లాంటి గనుల్లో. ఈనాటికీ వజ్రాల వ్యాపారులు నత్రజని దాదాపు లేని స్వచ్ఛమైన వజ్రాన్ని గోల్కొండ రకం అంటారు. ఆ స్వచ్ఛత నత్రజని లేకపోవడం వల్ల అని వాళ్లకు అప్పట్లో తెలియదు. వజ్రాల్లోని ముఖ్యమైన మలినం నత్రజని అని 1959లో గాని తేలలేదు. ఎన్‌వీ ప్రయోగానికి కావలసింది సరిగ్గా అదే తీరు వజ్రం: చుట్టూ గోల్కొండ స్వచ్ఛత, మధ్యలో ఒక్క నత్రజని. చుట్టూ మలినాలుంటే వాటి అలజడిలో ఈ స్పిన్ మాట వినపడదు. ఇప్పుడు అలాంటి వజ్రాన్ని గని నుంచి తవ్వరు, మీథేన్ వాయువు నుంచి ప్రయోగశాలలో పొరలు పొరలుగా పెంచుతారు. 2023 కేంద్ర బడ్జెట్‌లో ప్రయోగశాల వజ్రాల పరిశోధనకు ఒక ఐఐటీకి అయిదేళ్ల గ్రాంటు ప్రకటించారు కూడా.

రెండోది సూరి భగవంతం గారు. నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, 1952 నుంచి 1957 వరకు మన ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న భౌతిక శాస్త్రజ్ఞుడు. 1930లోనే ఆయన వజ్రం చెదరగొట్టే కాంతి మీద పరిశోధన పత్రం ప్రకటించారు. వజ్రం మీద ఒక రంగు వెలుగు వేస్తే, చెదిరిన వెలుగులో కొంత రంగు మారి వస్తుంది. ఆ మార్పు సెంటీమీటరుకు 1332 తరంగాల లెక్కన ఉంటుంది. ఒక రాయి వజ్రమా కాదా అని తేల్చడానికి ఈనాటికీ ప్రయోగశాలల్లో చూసేది ఆ గీతనే. ఆలోచించండి, అదేమిటి? వెలుగు లోపలికి పోయి, పరమాణువుల కదలిక సంగతి మోసుకుని బయటికి వచ్చింది. వజ్రం వజ్రంలాగే ఉంది. చెడగొట్టకుండా చదవడమే! ఒక్క స్పిన్ కాదు, వజ్రం మొత్తం పలికిందన్నది నిజమే. అయినా మన కుర్చీల్లో కూర్చున్న మనిషి తొంభై ఏళ్లకు పూర్వమే వజ్రాన్ని కాంతితో చదివాడు. ఇది పరాయి చదువని మనం ఎట్లా అంటాం?

* * *

ఇక నా బాధకు వస్తాను. నేను డిగ్రీ చదివిన కాలేజీ పేరు చెప్పను. అక్కడ ఫస్టియర్‌లో లోలకంతో భూమి గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగం. మా జట్టుకు 1005 వచ్చింది. 980 దగ్గర రావాలని పుస్తకంలో ఉంది. మళ్లీ చేశాం, మళ్లీ 1005. టైం అయిపోయింది. ఒక సీనియర్ రికార్డు చేతికిచ్చి, "ఇందులోంచి రీడింగులు వేసుకోండి, అందరూ చేసేదదే" అన్నారు. వేసుకున్నాం. 978.9 అని రాశాం. పూర్తి మార్కులు పడ్డాయి.

రెండేళ్ల తరువాత ఇక్కడ చేరాక ఒకరాత్రి ఎందుకో అది గుర్తుకొచ్చి లెక్క కట్టాను. దారం పొడవును గుండు మధ్య దాకా కొలవాలి. మేం గుండు అడుగు దాకా కొలిచాం. ఆ తేడా సరిపెడితే సరిగ్గా 980 దగ్గరికి వస్తోంది! అంటే 1005 తప్పు కాదు. అది మాకు ఏదో చెప్పబోయింది. మేం దాని నోరు మూసి సీనియర్ రికార్డు నోరు తెరిచాం.

ఎన్‌వీ సెంటర్‌లో చదివే చర్య వల్ల స్పిన్ చెరిగిపోతుంది. అది ప్రకృతి నియమం. దాన్ని దాటడానికి మనుషులు ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. మనమేమో వచ్చిన రీడింగును మన చేతులతోనే చెరిపేస్తున్నాం. దీనికి ఏ క్వాంటం సిద్ధాంతమూ పూచీ లేదు.

ఈ సంగతే ఒక సాయంత్రం తార్నాకలో చాయ్ తాగుతూ హాస్టల్ మిత్రుడితో అన్నాను. వాడు గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పొద్దున్నే లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటే రాత్రి దాకా లేవడు.

"నీకేందిరా, వజ్రాలంటవ్, స్పిన్‌లంటవ్. ఇంట్ల అమ్మ ఎప్పుడు కొలువొస్తదని అడుగుతది. స్పిన్ జూపియ్యమంటవా?"

నేను మాట్లాడలేదు. మా అమ్మ కూడా అదే అడుగుతుంది. వాడే మళ్లీ అన్నాడు, "చెప్తె తప్పు గాదు గని, నేను ఎమ్మెస్సీ చదివిన్నన్నమాటే గని ఒక్క ప్రయోగం గూడ నా అంతట నేను చెయ్యలే. సర్టిఫికెట్ ఉన్నది, చెయ్యి లేదు. గందుకే పరీక్షలు రాస్తున్న."

ఆ చివరి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వాడు తెలివితక్కువవాడు కాదు, బద్ధకస్తుడు అసలే కాదు. సర్టిఫికెట్ ఉంది, చెయ్యి లేదు. ఎన్ని వేలమంది గురించి ఈ మాట చెప్పుకోవచ్చు! 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 6003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. దాని నాలుగు కేంద్రాలూ బెంగళూరు ఐఐఎస్‌సీకీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐఐటీలకూ దక్కాయి. 2025లో అమరావతిలో క్వాంటం వ్యాలీ అన్నారు. సంతోషం. వాటి మీద నాకు అసూయ లేదు. కాని ఆ యంత్రాల దగ్గర నిలబడి రీడింగు తీసేవాళ్లు ఎక్కడి నుంచి రావాలి? దేశంలో ఎమ్మెస్సీ చదివేవాళ్లలో అధికభాగం మనలాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పిల్లలే. మన చేతులకు ఆ పని రాకపోతే, మనం ఆ మిషన్ గురించి కరెంట్ అఫైర్స్‌లో ఒక మార్కు బిట్ రాసి ఊరుకోవాల్సిందే.

* * *

అందుకని నా సూచన ఇది. ప్రతి విశ్వవిద్యాలయ సైన్సు కళాశాలలో ఎమ్మెస్సీ ప్రయోగాల పట్టికలో వజ్రం ప్రయోగం ఒకటి ఉండాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. స్టుట్‌గార్ట్‌లో చేసినట్టు ఒక్క కేంద్రకాన్ని పట్టుకోమని నేను అనడం లేదు. ఎన్‌వీ సెంటర్లు కోట్లకొద్దీ ఉన్న చిన్న వజ్రపు ముక్క, 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు, ఎరుపును మాత్రమే పోనిచ్చే ఫిల్టరు, ఒక ఫొటోడయోడు, మైక్రోవేవ్ పంపే తీగచుట్ట, దానికి జనరేటరు. ముఖ్యంగా కళ్లకు రక్షణ అద్దాలు. విదేశాల్లో చాలాచోట్ల దీన్ని విద్యార్థుల ప్రయోగంగానే చేయిస్తున్నారు. మైక్రోవేవ్ స్వరాన్ని మెల్లగా మారుస్తూ పోతే 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర ఎర్ర వెలుగు కాస్త తగ్గి గ్రాఫులో ఒక లోయ కనిపిస్తుంది. అయస్కాంతం దగ్గరకు తెస్తే ఆ లోయ చీలుతుంది. ఎన్‌వీ దిశలోనే క్షేత్రం ఉంటే గాస్‌కు 5.6 మెగాహెర్ట్జ్ చొప్పున చీలుతుంది.

ఈ ప్రయోగమే ఎందుకు అంటారా? రెండు కారణాలున్నాయి.

ఒకటి, దీన్ని సీనియర్ రికార్డులోంచి ఎక్కించుకోలేరు. గురుత్వ త్వరణం ఎంత రావాలో అందరికీ ముందే తెలుసు. కాని నా బల్ల మీద, ఈ పూట, నేను ఇక్కడ పెట్టిన అయస్కాంతం ఎంత క్షేత్రం ఇస్తున్నదో ఏ పుస్తకంలోనూ లేదు. అయస్కాంతం అంగుళం జరిగితే లోయలూ జరుగుతాయి. వచ్చిందే రాయాలి, వేరే గతి లేదు.

రెండు, చదవడం వల్ల చదివినది చెరిగిపోవడాన్ని ఇందులో కళ్లారా చూడవచ్చు. మైక్రోవేవ్‌తో స్పిన్‌లను తిప్పి, ఆ వెంటనే లేజరు వెలిగిస్తే, ఓసిలోస్కోపు మీద ఎరుపు ముందు తక్కువగా మొదలై పైకి పాకుతుంది. ఆ పాకడం ఏమిటో తెలుసా? మనం అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతూనే స్పిన్‌లు ఆ జవాబును మరచిపోవడం. క్వాంటం కొలత మీద పది పేజీలు బట్టీ పట్టినవాడికి తెలియనిది ఆ ఒక్క గీత చూసినవాడికి తెలుస్తుంది.

చుట్టుపక్కల ఎవరున్నారో కూడా చూడండి. తార్నాక చౌరస్తా నుంచి ఉప్పల్ దారి పడితే ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. ఒకరు అణువుల స్పిన్‌లు వింటారు, ఒకరు భూమి అయస్కాంతాన్ని కొలుస్తారు, ఒకరు జీవకణాన్ని పరిశోధిస్తారు. ఎన్‌వీ వజ్రం అయస్కాంత క్షేత్రాన్ని కొలవగలదు. 2013లో హార్వర్డ్‌లో బతికున్న కణంలో వజ్రపు నలుసులు పెట్టి ఉష్ణోగ్రత కొలిచారు. ఈ మూడు వాకిళ్లకూ మనం నడిచి వెళ్లగలం. పరికరం నేర్చిన చెయ్యి ఉంటే వెళ్లడానికి ముఖం కూడా చెల్లుతుంది.

ఇక పరికరం ఒక్కటే చాలదు. రికార్డులో పచ్చి రీడింగు పెన్నుతో రాయాలి, చెరపకూడదు. రావలసిన విలువ రాలేదని మార్కు తీయకూడదు. ఎందుకు రాలేదో చెప్పగలిగితే మార్కు వేయాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. 1005 అని రాసి, "దారం ఎక్కడి దాకా కొలిచామో చూసుకోవాలి" అని పక్కన రాసినవాడికి, 978.9 ఎక్కించుకున్నవాడికంటే ఎక్కువ మార్కులు పడిన రోజున సగం పని అయినట్టే. మనం యూనియన్ తరఫున ఎన్నో కోరికలు పెడుతుంటాం: మెస్ గురించి, బస్సు పాసుల గురించి, ఫెలోషిప్పుల గురించి. అవన్నీ న్యాయమే. ఈసారి ఆ జాబితాలో దీన్ని కూడా చేర్చమని మిత్రులను కోరుతున్నాను.

గ్రూప్స్‌కు చదివే మిత్రుడితో నాకు తగాదా లేదు. వాడికి కొలువు రావాలి, వస్తుంది కూడా. కాని వాడి తమ్ముడు వచ్చే ఏడాది ఇక్కడే ఎమ్మెస్సీలో చేరతానంటున్నాడు. ఆ పిల్లవాడు రెండేళ్ల తరువాత అదే చాయ్ దుకాణంలో కూర్చుని "చెయ్యి లేదు" అనకూడదు. నా పట్టుదల అంతవరకే. విద్యార్థి విషయంలో గిన్నెడు అన్నం లెక్క పనికిరాదు. ఇంట్లోవాళ్లకు వాడు ఒక్కడే.

మా తాత పోయాక ఆయన సామాను ఒక్కొక్కరు ఒక్కొక్కటి తీసుకున్నారు. గీటురాయి నేను అడిగి తెచ్చుకున్నాను. హాస్టల్ గదిలో నా బల్ల మీద ఉంది. వెలుతురులో పక్కకు తిప్పి చూస్తే ఆఖరున గీసిన సన్నటి బంగారు గీతలు ఇంకా కనిపిస్తాయి. ఎవరి నగలో, ఏ పెళ్లివో తెలియదు. కాని ప్రతి గీతా నిజంగా గీసినదే. ఒక్కటీ పక్క దుకాణం రాయి చూసి వేసుకున్నది కాదు.